వెట్టి చాకిరి యుద్ధము దాకా ఎట్లు పోయినది?
(చదువు మండలి పాఠము)



పోయిన నెల నూలు పంచిన దినమున మన సంఘము వరండాలో ఒక ముచ్చట జరిగినది. వాళ్ళ నాయనతో వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లవాడు చరిత్ర పుస్తకము తెరచి పట్టుకొని, "మామా, అమెరికాలో బానిసల విషయమై ఒకే దేశమువాళ్ళు నాలుగేండ్లు కొట్టుకొని చచ్చినారంట. అంత దూరము పోకముందే కూర్చొని మాట్లాడుకొంటే తీరేది కాదా?" అని అడిగినాడు. పక్కన చిలపలు ఎంచుచున్న పెద్దాయన ఒకరు, "అది తెల్లవాళ్ళ గొడవ. మనకెందుకురా? పోయి కండెలు చుట్టుపో" అని కసిరినారు. పిల్లవాడు పుస్తకము మూసినాడు.

పిల్లవాడు అడిగినది మంచి ప్రశ్న. పెద్దాయన మీద నాకు గౌరవము కలదు గాని, ఆయన మాట సరి కాదు. ఆ గొడవకు మూలము ప్రత్తి. ప్రత్తి గొడవ మనది కాకపోతే మరెవరిది? అందుచేత ఈ నెల మండలికి దీనినే పాఠముగా వ్రాయుచున్నాను. నేను మెట్రిక్కుతో చదువు ఆపినవాడను; మాట ఎక్కడైనా మొరటుగా ఉంటే చదువుకొన్నవారు సర్దుకొనవలెను.

అమెరికా సంగతి క్లుప్తముగా చెప్పి మన నేలకు వచ్చెదను. దూదిలోనుండి గింజను వేరు చేయు యంత్రమును 1793లో ఈలై విట్నీ అనునతడు తయారు చేసినాడు. యంత్రము వచ్చినది గనుక కూలివానికి శ్రమ తగ్గవలెను గదా? జరిగినది వేరు. గింజ తీయుట సులువు కాగానే ప్రత్తి వేసే భూమి పెరిగినది, ఆ భూమిలో చాకిరి చేయుటకు బానిసలు పెరిగినారు. 1790లో సుమారు 7 లక్షలుగా ఉన్న బానిసలు 1860 నాటికి 40 లక్షలకు వచ్చినారు. వాళ్ళు ఏరిన ప్రత్తి ఇంగ్లండులో లాంకషైరు మిల్లులకు పోయేది; ఆ మిల్లులకు కావలసిన దూదిలో అయిదింట నాలుగు వంతులు అమెరికాదే. ఆ మిల్లుల గుడ్డ ఓడలెక్కి మద్రాసులో దిగి మన తాతముత్తాతల మగ్గములను మూల కూర్చోబెట్టినది. మనలను దెబ్బ తీసిన ఆ చౌక గుడ్డలో బానిసల చెమట ఉన్నదని తెలిసికొనుట మంచిది.

మాట్లాడుకొనలేదా అంటే, మాట్లాడుకొన్నారు. ఒక్కసారి కాదు. 1820లో దేశము మీద ఒక గీత గీసి, గీతకు ఉత్తరాన కొత్తగా బానిసత్వము కూడదు, దక్షిణాన ఉండవచ్చును అని రాజీ పడినారు. 1850లో మళ్ళీ రాజీ; ఈసారి పారిపోయిన బానిసను ఉత్తరాదివారు కూడ పట్టి ఇయ్యవలెనని గట్టి చట్టము చేసినారు. 1854లో పాత గీతను చెరిపివేసి, కొత్త సీమలలో అక్కడివారే ఓటు వేసి తేల్చుకొనవలెనన్నారు. దానితో కాన్సాసు సీమలో ఓట్లకు ముందు తుపాకులు వచ్చినవి. 1857లో వారి సుప్రీము కోర్టు, నల్లవాడు ఆ దేశ పౌరుడు కాడని తీర్పు చెప్పినది. 1860లో బానిసత్వము ఇక పాకరాదనే లింకను అధ్యక్షుడుగా గెలువగానే దక్షిణ రాష్ట్రములు విడిపోవుట మొదలుపెట్టినవి. 1861 ఏప్రిల్ నుండి 1865 వరకు యుద్ధము. ఆరు లక్షలకు పైగా చచ్చినారు. ఆ నాలుగేండ్లలో అమెరికా ప్రత్తి ఆగిపోయి లాంకషైరువారు మన దేశపు దూదిని ఎగబడి కొన్నారు. ప్రత్తి రైతుకు నాలుగు డబ్బులు కనబడినవి. నేతవానికి మాత్రము నూలు ధర ఎక్కి, గుడ్డ ధర అంత ఎక్కక, మగ్గము నిలిచినది. ఎక్కడో బానిసల గురించి జరిగిన యుద్ధమునకు ఇక్కడ మన ఇంటి పొయ్యి ఆరినది.

ఇన్ని రాజీలు ఎందుకు చెడినవి? బానిసలను ఉంచుకొన్నవారే చట్టము చేసే సభలో కూర్చున్నారు. లాభము తినేవానిని తగవు తీర్చమంటే ఎట్లు తీర్చును? ఈ ఒక్క ముక్కను మనసులో పెట్టుకొని మన తెలుగు నేలకు రండి.

నిజాము ఏలిన హైదరాబాదు రాజ్యములో తెలంగాణ జిల్లాలు ఉండేవి. అక్కడ మనిషిని సంతలో అమ్మే బానిసత్వము కాదు గాని, దానికి దాయాది అయిన వెట్టి ఉండేది. వెట్టి అనగా కూలి లేని చాకిరి, వెల లేని సరుకు. ఇది ఏదో ఒక కులానికి వచ్చిన కష్టము కాదు, ఊరిలో వృత్తి చేసుకొని బ్రతికే ప్రతి ఇంటికి వంతు ఉండేది. మాదిగలు, మాలలు బరువులు మోయవలెను, కబురు తీసుకొని ఊరూరు పరుగెత్తవలెను, చెప్పులు, మోట తొండములు కుట్టి ఇయ్యవలెను. చాకలి దొర ఇంటి గుడ్డలు ఉతికి మంచములు మోయవలెను. కుమ్మరి కుండలు, గౌండ్లవారు కల్లు, గొల్ల కురుమలు గొర్రెలు, వడ్ల కమ్మరులు నాగళ్ళు. సాలెవారి వంతు ఏమనగా, దొర ఇంటి నౌకర్లకు గుడ్డ నేసి ఊరక ఇచ్చుట. గిర్దావరు వచ్చినా, పోలీసు అమీను వచ్చినా వారి వంటకు, గుర్రపు మేతకు సహా ఊరే పెట్టవలెను. దొర కూతురు అత్తవారింటికి పోవునప్పుడు ఆడబాప అని పేరు పెట్టి పేదింటి పిల్లలను వెంట పంపేవారు. ఆ పిల్లల బ్రతుకు ఏమయ్యేదో ఇక్కడ వ్రాయలేను. ఆడబిడ్డలు కూడ చదివే పత్రిక ఇది.

ఇక అప్పు పడినవాని సంగతి వేరు. వానిని బాగేలా అనేవారు. పెండ్లికో చావుకో కొంత సొమ్ము తీసుకొన్నవాడు అది తీరువరకు అదే ఇంట పని చేయవలెను. పద్దు వ్రాయువాడు దొర గుమాస్తా, వ్రేలిముద్ర వేయువాడు చదువు రానివాడు. ఆ అప్పు తండ్రి నుండి కొడుకుకు దిగేది.

ఈ దొరలు ఎవరు? పూర్వము సర్కారు తరఫున శిస్తు వసూలు చేసిన దేశముఖులు. పంతొమ్మిదవ శతాబ్దములో మొదటి సాలారుజంగు శిస్తు పద్ధతి మార్చినప్పుడు వీరికి వతనులు దక్కినవి, సర్వే జరిగినప్పుడు సాగులో ఉన్నవాని భూమి కూడ వీరి పేరున ఎక్కినది. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి క్రింద 40 వేల ఎకరములున్నవని ఆ పోరాటము గురించి వ్రాసినవారు చెప్పుదురు. పటేలు, పట్వారీ, పోలీసు అందరూ ఆ గడీ నీడలోనివారే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. వెట్టి కూడదని నిజాము ఫర్మానాలు లేకపోలేదు. బాగేలా ఒప్పందములను అదుపు చేయుటకు 1936లో చట్టము కూడ వచ్చినది. కాగితము మీద అన్నీ ఉన్నవి. కాని ఫర్మానా అమలు చేయవలసినది ఎవరు? పటేలు, పట్వారీ, అమీను. వెట్టి తినేది ఎవరు? వారే. అమెరికాలో ఏ ముడి పడినదో ఇక్కడా అదే ముడి.

ఈ ముడిని మెల్లగా విప్పుటకు చూచినవారు లేరని కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కార సభ జరిగినది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు అను వకీలు తెలుగులో మాట్లాడబోగా ఎగతాళి చేసి గోల చేసినారు. ఆ అవమానము నుండి ఆంధ్ర జన సంఘము పుట్టినది. (హోసూరులో, కృష్ణగిరిలో తెలుగు మాట్లాడు మనకు ఆ మంట ఎట్టిదో వేరే చెప్పవలసిన పని లేదు.) మాడపాటి హనుమంతరావుగారు మొదలైనవారు పఠన మందిరములు పెట్టినారు, వెట్టి చట్టవిరుద్ధమని చెప్పు కరపత్రములు పంచినారు, అర్జీలు పెట్టినారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ కూడినది. అది మొదలు పదునాలుగేండ్లు తీర్మానముల మీద తీర్మానములు. అవి వ్యర్థమని నేను అనను. ఫర్మానా ఒకటి ఉన్నదని ఊరివానికి తెలియజెప్పుటయే పెద్ద పని. అయితే తెలిసినవాడు పోయి అడిగితే దెబ్బలు తినేవాడు.

1944లో భువనగిరి సభనాటికి మహాసభ రెండుగా చీలినది. రావి నారాయణరెడ్డిగారి పక్షము, అనగా కమ్యూనిస్టులు, అందులో గట్టిపడినారు. సభ్యత్వ రుసుము తగ్గించి పల్లె జనమును చేర్చుకొన్నారు. ఊరూర సంఘము లేచినది. వట్టిగా "సంఘము" అనేవారు. "సంఘమువాళ్ళు వచ్చినారు" అంటే చాలు, ఊరి కూలివానికి ధైర్యము.

పాలకుర్తిలో చాకలి అయిలమ్మ నాలుగెకరములు కౌలుకు తీసుకొని వరి వేసినది. ఆమె సంఘములో చేరినదని విసునూరు దేశముఖు ఆ పంటను కోయించుకొని పోవుటకు మనుష్యులను పంపినాడు. సంఘము వలంటీర్లు కర్రలతో నిలిచి, పంట తామే కోసి అయిలమ్మ ఇంటికి చేర్చినారు. నాలుగెకరముల వరి, 40 వేల ఎకరముల దొరకు ఒక లెక్కా? లెక్క ధాన్యముది కాదు. ఒక చాకలి ఆడమనిషి ఇవ్వనన్నది. రేపు కుమ్మరి కుండ ఇవ్వడు, సాలె గుడ్డ ఇవ్వడు. అది దొరకు తెలుసు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా పోవు జనము మీద దొర మనుష్యులు తుపాకులు కాల్చినారు. దొడ్డి కొమరయ్య అను కురుమ యువకుడు నేల కూలినాడు. సాయుధ పోరాటము అక్కడ నుండి మొదలైనదని తెలంగాణలో చెప్పుదురు.

1947లో దేశము స్వతంత్రమైనది. నిజాము మాత్రము కలియనన్నాడు. ఆ సంవత్సరము సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీను కలిసి ఆయుధములు పట్టవలెనని పిలుపు ఇచ్చినారు. అటువైపు కాశిం రజ్వీ నాయకత్వాన రజాకారులు ఊళ్ళమీద పడినారు. దొరలు అనేకులు వారిని తెచ్చి గడీలలో దింపినారు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో ఊరివారిని వరుసగా నిలబెట్టి కాల్చినారు. దీనిని హిందువులు, ముస్లిముల తగవుగా చెప్పువారి మాట నమ్మవద్దు. రజాకార్లను ఎదిరించి వ్రాసిన "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లాఖాను ముస్లిమే; ఆ ఆగస్టులోనే ఆయనను నడివీథిలో చంపినారు. దొరలలో ఎక్కువమంది హిందువులే. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించి 17న నిజాము లొంగిన తరువాత, ఏ పాపము ఎరుగని ముస్లిములు పెక్కుచోట్ల చంపబడినారు. పండిత సుందరలాల్‌గారి సంఘము పోయి చూచి నివేదిక వ్రాసినది. అదీ చెప్పకపోతే పాఠము సగమే అగును.

నిజాము పోయినాడు, పోరు ఆగలేదు. పారిపోయిన దొరలు తిరిగి వచ్చి భూములు అడిగినారు. సంఘములు పంచుకొన్న భూమి 10 లక్షల ఎకరములని, పోరు నడిచిన ఊళ్ళు 3,000 అని, చనిపోయినవారు 4,000 అని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసినారు. 1951 అక్టోబరు 21న పోరాటము విరమించినారు. ఈ నడుమ 1949 ఆగస్టు 15న జాగీరులు రద్దయినవి, 1950లో కౌలుదారు చట్టము వచ్చినది. ముప్పది ఏండ్ల అర్జీలకు రానివి రెండేండ్లలో వచ్చినవి. తుపాకియే మేలని నేను చెప్పబోవుట లేదు. నాలుగు వేల ఇండ్లలో ఏడ్పు ఊరక పోదు. అర్జీ తీసుకొనవలసినవాడు తీసుకొననప్పుడు ఏమి జరిగినదో అది చెప్పుచున్నాను.

మన వృత్తివారికి దగ్గరి మాట ఇంకొకటి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చినారు. అవును, మన ఆడవారు మెచ్చుకొనే ఇక్కత్తు చీరల పోచంపల్లియే. అక్కడి నలుబది హరిజన కుటుంబములు 80 ఎకరములు అడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదనన్నారు. భూదానము అక్కడ పుట్టినది. పేరు కలిసినంత మాత్రాన ఈ రామచంద్రారెడ్డిని విసునూరు రామచంద్రారెడ్డి అనుకొనరాదు. పద్మశాలీలలో పుట్టిన వకీలు కొండా లక్ష్మణ్ బాపూజీగారు నిజాము పాలనను ఎదిరించినవారు, తరువాత చేనేత సహకార సంఘములకు పాటుపడి 2012లో కన్నుమూసినారు. ఆ తరములో వెట్టిని చూచినవారు సహకార సంఘము ఎందుకు పెట్టినారో దీనిని బట్టి ఊహించుకొనవచ్చును.

తెలంగాణ మనకు దూరము, మన సీమలో ఇట్టివి లేవు అందురేమో. మన కృష్ణగిరి పాత పేరు బారామహలు. 1792లో టిప్పు సుల్తాను నుండి కుంఫిణీ చేతికి వచ్చినది. హోసూరు వైపు 1799లో వచ్చినది. ఆ కాలమున ఇక్కడ ఉద్యోగము చేసిన థామస్ మన్రో 1813లో ఇంగ్లండు పార్లమెంటు ఎదుట సాక్ష్యము చెప్పినాడు. బారామహలులో కుంఫిణీ నౌకర్లు పెద్ద నేతగాండ్రను ఒకచోట చేర్చి, కుంఫిణీకి తప్ప ఇతరులకు నేయమని ఒప్పుకొన్నదాక వారి మీద కాపలా పెట్టేవారట. బయానా ఒకసారి తీసుకొన్నవాడు దాని నుండి బయటపడుట అరుదట. గుడ్డ ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టేవారు, కోర్టుకు కూడ ఈడ్చేవారు. ఇది చదివిన దినము నాకు అన్నము సహించలేదు. దొర గడీ ఉండనక్కర లేదు, ఒక బయానా చాలునన్న మాట.

మా ఇంటి సంగతి చెప్పెదను. 1958లో మా మేనత్త పెండ్లికి తాత వేరే ఊరి షావుకారు ఒకరి వద్ద 300 రూపాయలు బయానా తీసుకొన్నాడు. ఆ కాగితములో వడ్డీ లేదు. వడ్డీ లేదని తాత సంతోషించినాడు. బదులు, బాకీ తీరువరకు మగ్గము ఆయనకే ఆడవలెనని, కూలి ఆయన వేసినదే కూలి అని ఉన్నది. చీరకు బయట వచ్చు కూలి కన్న తక్కువ. అందులో మరక, పోగు తప్పినదని కోత. మా నాయనకు అప్పుడు ఎనిమిదేండ్లు. బడి మాని గుంట మగ్గము పక్కన కండెలు చుట్టుటకు కూర్చున్నాడు. పదమూడేండ్లు నేసినా పద్దులో 300 కు 340 అయినది! 1971లో సహకార సంఘము ఇచ్చిన అప్పుతో ఆ బాకీ కట్టి తాత బయటపడినాడు. మా అవ్వ ఆ కాగితమును చింపనీయలేదు. ఇప్పటికీ మా ఇంట ఇనుప పెట్టెలో ఉన్నది.

రాజ్యాంగము 23వ అధికరణము వెట్టిని ముందే నిషేధించినది. తరువాత 1976లో వెట్టి కార్మిక పద్ధతి రద్దు చట్టము వచ్చి, 1975 అక్టోబరు 25 నుండియే అమలైనట్లు లెక్క. ఇది పొలము కూలీలకు, రాతి క్వారీలకు మాత్రమే అని మనలో చాల మంది అనుకొనుచున్నారు. అట్లు కాదు. బయానా లేక అప్పు తీసుకొన్నందున ఒకడు వేరే చోట పని చేయు స్వేచ్ఛను గాని, తిరుగు స్వేచ్ఛను గాని, తాను లేక తన ఇంటివారు చేసిన సరుకును బజారు ధరకు అమ్ముకొను హక్కును గాని పోగొట్టుకొంటే అది వెట్టియే అని చట్టములో ఉన్నది. చివరి మాటను మగ్గము ఉన్న ప్రతి ఇల్లు రెండుసార్లు చదువవలెను. అట్టి బాకీ చట్టము ముందు చెల్లిపోయినట్లే. దానిని వసూలు చేయుట నేరము. మూడేండ్ల వరకు ఖైదు, జుల్మానా కలదు. అర్జీ పెట్టవలసినది జిల్లా కలెక్టరుగారికి, అనగా మనకు కృష్ణగిరిలో. హోసూరు వైపువారు సబ్‌కలెక్టరుగారికి ఇయ్యవచ్చును.

అన్ని బయానాలు వెట్టి కావు, ఇది కూడ గట్టిగా చెప్పవలెను. నూలు ముందుగా ఇచ్చి, గుడ్డ వచ్చినప్పుడు లెక్క చూచి, పాసుబుక్కులో వ్రాసి, "తీర్చి ఎక్కడికైనా పో" అనేది వ్యాపారము. షావుకార్లలో ధర్మాత్ములున్నారు. మన సంఘము కూడ ముందు సొమ్ము ఇచ్చుచున్నది. మా పద్దులో తప్పు కనబడితే నన్ను అడుగు హక్కు మీకు కలదు. కాగితములో చూడవలసినవి కొన్ని: తీర్చే గడువు, ప్రతి చీరకు ఎంత కోత అన్నది, బయటవారికి నేయరాదన్న మాట ఉన్నదా, పిల్లల పనిని లెక్కలో చేర్చినారా, ఒక నకలు మీ చేతిలో ఉన్నదా. వ్రేలిముద్ర వేయకముందే చదివించుకొనవలెను.

వచ్చే నెల నూలు పంచే దినమున, పని ముగిసిన పిదప మండలి కూడును. ఇంట బయానా కాగితములున్నవారు వెంట తేవలెను. చదువరానివారికి నేను పక్కకు కూర్చొని చదివి చెప్పెదను, పేరు బయట పెట్టను. మా తాత కాగితము కూడ తెచ్చి బల్ల మీద పెట్టెదను. ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు అమెరికా పటము గీసి తెచ్చెదనని ఒప్పుకొన్నాడు. పెద్దాయన కూడ వచ్చెదనన్నారు.